రెజైనాలో ఒకటో వార్డు

హేమచంద్ర గారితో మీరు ఏ మాట మొదలుపెట్టినా అది ఖేమ్‌సరాయ్‌లో తేలుతుంది. మంచు గురించి మొదలుపెట్టండి, పెట్రోలు ధర గురించి మొదలుపెట్టండి, మోకాలి నొప్పి గురించి మొదలుపెట్టండి. రెండో వాక్యానికల్లా "మా ఖేమ్‌సరాయ్ నగరపాలికలో అయితేనా..." అని వినపడుతుంది. ఇక మీరు చలికోటు జిప్పు పైకి లాక్కుని బయల్దేరడం మంచిది.

ఖేమ్‌సరాయ్ ఆయన పుట్టిన ఊరేమీ కాదు. పుట్టింది కావలి దగ్గర. ఐ.ఏ.ఎస్.లో ఉత్తరప్రదేశ్ కేడర్ వచ్చింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఎన్నికైన బోర్డు లేని ఆ చిన్న ఊరికి కొంతకాలం స్పెషల్ ఆఫీసరుగా ఉన్నారు. తర్వాత చాలా పెద్ద కుర్చీల్లో కూర్చున్నారు, లక్నోలో కార్యదర్శిగా రిటైరయ్యారు. వాటి గురించి ఒక్క ముక్క మాట్లాడరు. కెనడాలోని రెజైనాలో కూతురు రాగిణి దగ్గర ఉంటూ కూడా ఆయన ఇంకా ఖేమ్‌సరాయ్ చార్జి ఎవరికీ అప్పగించలేదు.

ఆ ఊరి చరిత్ర ఆయన నోట ఎక్కువసార్లు విన్నవారు మధుసూదన్ గారు. రెండు వీధుల అవతల ఒక్కరే ఉంటారు. నేలల శాస్త్రం చెప్పి రిటైరైన ప్రొఫెసరు, ఓరుగల్లు మనిషి. మాట తక్కువ, పుస్తకం ఎక్కువ. ఎదురు చెప్పని శ్రోత దొరకడం హేమచంద్ర గారి అదృష్టం. చెవిలోని మిషను తీసి జేబులో వేసుకునే సౌకర్యం ఉండటం మధుసూదన్ గారి అదృష్టం.

చరిత్ర ఎప్పుడూ ఒకేలా నడుస్తుంది. ఖేమా అనే గుర్రాల వ్యాపారి బేలా నది ఒడ్డున బాటసారుల కోసం సరాయి కట్టించడం. సరాయి చుట్టూ సంత, సంత చుట్టూ ఊరు. నవాబు గారి గడియారం స్తంభం, అందులో కోతులు కాపురం పెట్టడం, అప్పటినుంచి ఊళ్ళో ఎవరికీ టైము తెలియకపోవడం. "తర్వాత 1868లో మొట్టమొదటి మునిసిపల్ బోర్డు వచ్చింది. వార్డుల విభజన దగ్గర పెద్ద తగాదా. ఆ తగాదా ఏమిటంటే..." అనేసరికి వినేవాళ్ళలో ఒకరికి ఫోన్ వస్తుంది, ఒకరికి ఓవెన్‌లో కూర గుర్తొస్తుంది, మధుసూదన్ గారి చెయ్యి చెవి మీదికి పోతుంది. 1868 దాటి ఖేమ్‌సరాయ్‌లో ఏం జరిగిందో సస్కాచువాన్ మొత్తంలో ఎవరికీ తెలియదు.

తెలుగువాళ్ళు నెలకోసారి కమ్యూనిటీ హాల్లో కలిసి భోంచేస్తారు. ఎవరి వంట వాళ్ళు తెచ్చుకుంటారు. గుమ్మం దగ్గర హేమచంద్ర గారు నిలబడతారు.

"ఆగండి. ట్రేలో ఏంటి సరుకు?"

"గారెలు అంకుల్."

"ఊళ్ళోకి వచ్చే సరుకు మీద చుంగీ కట్టాలమ్మా. మా ఖేమ్‌సరాయ్‌లో గడ్డిమోపుకి కూడా వదల్లేదు."

చుంగీ ఒక గారె. పులిహోరకైతే ఒక గరిటె. భోజనాల వేళకి ఆయన ఖజానా నిండిపోయి, "ఏమిటో, ఈమధ్య ఆకలి ఉండట్లేదు" అంటూ కూర్చుంటారు.

ఇవన్నీ సరదాగానే సాగేవి. చిక్కంతా వార్డుల దగ్గర వచ్చింది. రెజైనాలో తనకు తెలిసిన తెలుగు ఇళ్ళన్నిటినీ ఆయన పంతొమ్మిది వార్డులుగా విభజించారు. ఎవరూ అడగలేదు. మధుసూదన్ గారిల్లు ఒకటో వార్డు. కొడుకూ కోడలూ ఆఫీసుకు పోతే పగలంతా ఒంటరిగా ఉండే ఈశ్వరమ్మ గారిది రెండు. రాత్రి షిఫ్టులు చేస్తూ చదువుకునే చరిత, నిఖిల అద్దెకున్న బేస్‌మెంటు మూడు. అసోసియేషన్ ప్రెసిడెంటు, ఆరు బెడ్‌రూముల ఇంటి యజమాని, రియల్ ఎస్టేట్ పాండురంగ గారిది పంతొమ్మిది.

"ఏందన్నట్టు?" అన్నారు పాండురంగ. "ఊరికి ప్రెసిడెంటును నేను. నాకు లాస్టు నంబరా?"

"ఖేమ్‌సరాయ్ లెక్క ప్రకారమేనండీ. అసలు 1868లో..."

పాండురంగకి ఫోన్ వచ్చింది.

మధుసూదన్ గారు గొప్పలకు పోయే రకం కాదు. కానీ మనిషి కదా. చదువుకున్నవాడికి విలువిచ్చే ఊరన్నమాట ఖేమ్‌సరాయ్ అనుకున్నారు లోపల. హాల్లో ఎవరైనా "ఒకటో వార్డు గారూ" అని పిలిస్తే మిషను లేకపోయినా వినపడేది.

చలికాలం మొదలవగానే తనిఖీలు మొదలవుతాయి. పొద్దున్నే హేమచంద్ర గారు కోతిటోపీ మీద ఊలు టోపీ, దానిమీద కోటు టోపీ పెట్టుకుని వచ్చి తలుపు బాదుతారు.

"ఒకటో వార్డు! తనిఖీ! మెట్ల మీద మంచు అలాగే ఉంది. ఏమిటీ పరిపాలన?"

"ఇప్పుడే లేచిన సార్..."

"పార తియ్యండి. పౌరుడు బాధ్యత మరిస్తే ఊరేం కావాలి?"

పార తీయడం, మంచు ఎత్తడం, టీ తాగడం. టీ తాగుతూ గుర్రాల వ్యాపారి ఖేమా. తర్వాత ఆయన రెండో వార్డుకు పోయి ఈశ్వరమ్మ గారిని కిటికీలోంచి పలకరిస్తారు. మూడో వార్డులో బూటుతో నేల మీద తడతారు. కింద దుప్పట్లోంచి రెండు గొంతులు "ఉన్నాం అంకుల్!" అని హాజరు పలికి మళ్ళీ పడుకుంటాయి.

ఒకరోజు ఇలా తిరుగుతూ ఒక కెనడా ఆవిడ ఇంటిముందు ఆగి మెట్లకేసి చూస్తున్నారు. డోరిస్ అని, ముసలావిడ. తలుపు తీసి, "మీరు సిటీ నుంచి వచ్చారా?" అని ఇంగ్లీషులో అడిగింది.

"అవును" అన్నారు హేమచంద్ర గారు, నిండు గౌరవంతో. ఏ సిటీ అని ఆవిడ అడగలేదు.

పక్కింటి చెట్టు కొమ్మ తన కప్పు మీద వాలిందని ఆవిడ ఫిర్యాదు చేసింది. ఆయన స్వీకరించారు. పక్కింటి తలుపు తట్టి ఇరుపక్షాల వాదనా విన్నారు. వారం తిరక్కుండా కొమ్మ పోయింది, పక్కింటాయనా ఆవిడా కలిసి కాఫీ తాగారు. అక్కడితో ఆగితే బాగుండేది. ఆవిడ సిటీ ఆఫీసుకు ఫోన్ చేసి, మూడు టోపీలు పెట్టుకునే మీ అధికారికి కృతజ్ఞతలు చెప్పాలంది. అలాంటి అధికారి వాళ్ళ దగ్గర లేడు. ఆరా తీస్తే సంగతి రాగిణి దాకా వచ్చింది.

రాగిణి తిన్నగా మధుసూదన్ గారింటికి వచ్చింది.

"అంకుల్, రేపు ఎవరైనా పోలీసుల్ని పిలిస్తే? ఐస్ మీద జారిపడితే? పాండురంగ గారేమో ఈ నెల మీటింగ్‌లో వార్డులు క్యాన్సిల్ చేయించి తీరతానంటున్నారు. మీరు చెప్తేనే వింటారు. ఈ రౌండ్లు ఆపేయమనండి."

"ఆపకపోతే?"

"వాన్ సిటీలో ఉన్న అన్నయ్య దగ్గరికి పంపించేస్తా. ఇరవయ్యో ఫ్లోరు. అక్కడ వార్డులు చెయ్యడానికి లిఫ్ట్ తప్ప ఏమీ లేదు."

ఆమె వెళ్ళాక మధుసూదన్ గారు చదువుతున్న పేజీనే చాలాసేపు చదివారు. తలుపు ఎవరూ బాదని పొద్దుట ఎలా ఉంటుందో ఆయనకు తెలుసు. భార్య పోయిన ఏడాది అలాంటి పొద్దుటలు చాలా చూశారు.

మర్నాడు, దారిలో నెమ్మదిగా చెబుదామని తనిఖీకి తానూ వెంట బయల్దేరారు. మైనస్ ఇరవై ఎనిమిది. చెవుల మీదుగా టోపీ బిగించి, దాని మీద మఫ్లరు ముడేసుకున్నారు. మాట ఎలా ఎత్తాలా అని తడుముకుంటుండగా హేమచంద్ర గారు 1868కి వచ్చేశారు. మధుసూదన్ గారి చెయ్యి అలవాటుగా చెవి దగ్గరికి పోయింది. మఫ్లరు తగిలింది. మిషను తీసే దారి లేదు.

అలా సస్కాచువాన్ చరిత్రలో మొదటిసారి ఆ కథ ముందుకు సాగింది.

"చౌక్‌లో వడ్డీవ్యాపారులంతా ఒకటో వార్డు మాకే కావాలన్నారండీ. పెద్ద గొడవ. అప్పుడు సరాయి బాగోగులు చూసే దారోగా, ముసలాయన, ఒక మాటన్నాడు. బేలా పొంగితే నీళ్ళు మొదట ఎవరింట్లోకి వస్తాయో వాళ్ళది ఒకటో వార్డు. అధికారి పొద్దున లేచి మొదట అక్కడికే పోవాలి. గట్టు మీద మేడల్లో ఉన్నవాళ్ళది చివరి నంబరు, వాళ్ళకేం తొందర? నేను చార్జి తీసుకున్నప్పుడూ అదే లెక్క. ఎంత సొగసైన పరిపాలన చూడండి!"

మధుసూదన్ గారు ఆగిపోయారు. బూట్ల కింద మంచు కరకర కూడా ఆగింది.

"సార్. మరి మా ఇల్లు ఒకటో వార్డు ఎట్లయింది?"

హేమచంద్ర గారు మూడు టోపీలూ ఒకేసారి సర్దుకున్నారు.

"అంటే... ఆ ఏడాది... మీ మెట్ల మీద మంచు పడ్డది పడ్డట్టే ఉండేది. లోపలికీ బయటికీ ఒక్క అడుగుజాడ లేదు. ఖేమ్‌సరాయ్‌లో అయితే పొయ్యి పొగ చూసేవాళ్ళం. ఇక్కడ ఫర్నేసు ధర్మమా అని అందరిళ్ళూ పొగ వదులుతూనే ఉంటాయి, అది నమ్మలేం. అందుకని మంచు చూస్తాను."

"నేను చదువుకు మర్యాద అనుకున్న!"

"మర్యాదేనండీ..."

"అంటే నేను పల్లపు ప్రాంతం."

"వరద ముంపు ప్రాంతం" అని సవరించారు హేమచంద్ర గారు. పరిపాలనలో ఆయన మాట తూలరు.

మధుసూదన్ గారికి నవ్వొచ్చింది, ఆ చలికి అది దగ్గులా వచ్చింది. ఆపేయమని చెప్పాల్సిన మాట ఆయన నోట్లోనే గడ్డకట్టుకుపోయింది.

నెల మీటింగ్‌లో పాండురంగ మైకు పట్టుకున్నారు. "ఫ్రెండ్స్, ఈ వార్డులు, ఈ తనిఖీలు మనకు అవసరమా? ఒకరు ఎక్కువ, ఒకరు తక్కువ అని లేదిక్కడ. క్యాన్సిల్ చేద్దామని నా ప్రపోజలు."

"నా రెండు తీసెయ్యడానికి నువ్వెవరయ్యా?" అంది ఈశ్వరమ్మ గారు కుర్చీలోంచి. "మా ఊళ్ళో మా వియ్యపురాలికి కూడా చెప్పుకున్నాను!"

"మాది మూడు, మేమివ్వం!" అని అరిచారు చరిత, నిఖిల.

అందరి చూపూ మధుసూదన్ గారి మీదికి తిరిగింది. రాగిణి కళ్ళతోనే బతిమాలుతోంది. ఆయన లేచారు. అసలు లెక్క చెప్పేస్తే ప్రపోజలు అక్కడే పడిపోతుంది. కానీ ఈశ్వరమ్మ గారు వియ్యపురాలికి మళ్ళీ ఏమని చెప్పుకోవాలి?

"వార్డులు ఉండాలె" అన్నారు. "అయితే నంబర్లు ఏడాదికోసారి మార్చాలె. నా ఒకటి నేను వదులుకుంటున్న."

పాండురంగ ముఖం వెలిగింది. "గట్లయితే అది నాకియ్యండి! ప్రపోజలు వాపస్ తీసుకుంట."

"కుదరదండీ" అన్నారు హేమచంద్ర గారు. "మీ ఇంటి నిండా మనుషులు."

"ఎక్కడి మనుషులు సార్! పిల్ల కాన్పుకని మా ఆవిడ గ్వెల్ఫ్ పోయింది, ఎండాకాలం దాకా రాదు. పెద్దోడు క్యాల్గరీ, చిన్నోడు హాస్టలు. అంత ఇంట్ల నేనొక్కణ్ణే, పొద్దున బ్రెడ్డు, రాత్రి బ్రెడ్డు. ఇంటి సంగతెందుకు గానీ, నంబరు సంగతి చెప్పండి!"

హేమచంద్ర గారు ఆయనకేసి ఒక క్షణం చూశారు. తర్వాత మధుసూదన్ గారికేసి చూశారు.

"ఒకటో వార్డు మీదే" అన్నారు.

హాలంతా చప్పట్లు. పాండురంగ రెండు చేతులూ ఎత్తి నమస్కారం చేశారు. ఆ సందట్లో రాగిణి దగ్గరికొచ్చి, "ఏంటంకుల్, ఆపమంటే పెంచారు?" అంది. మధుసూదన్ గారు ఆమె చెవిలో 1868 మొత్తం చెప్పారు. విన్నాక రాగిణి వాన్ సిటీ మాట ఎత్తలేదు. తండ్రి బూట్లకి తొడిగే ఐస్ ముళ్ళు ఎక్కడ దొరుకుతాయని మాత్రం అడిగింది.

"రెండు జతలు కావాలె బిడ్డా" అన్నారు ఆయన. "రోజూ నేను కూడా పోతున్న కదా."

"మీ వార్డెంత ఇప్పుడు?"

"పంతొమ్మిది" అన్నారు మధుసూదన్ గారు. చెప్పాక మనసు కాస్త చివుక్కుమన్న మాట నిజం.

మర్నాడు పొద్దున్నే ఆరు బెడ్‌రూముల ఇంటి తలుపు దద్దరిల్లింది.

"ఒకటో వార్డు! తనిఖీ! మెట్ల మీద ఈ మంచేమిటి?"

లుంగీ మీద పార్కా కోటు వేసుకుని, పార చేత్తో పట్టుకుని పాండురంగ ప్రత్యక్షమయ్యారు. "మొదట మా ఇంటికేనా సార్?"

"మొదట మీ ఇంటికే."

మధుసూదన్ గారు కోటు లోపలినుంచి వేడి ఉప్మా డబ్బా తీసి చేతిలో పెట్టారు. వంటింట్లో కూర్చుని పాండురంగ దాన్ని ఖాళీ చేస్తూ, ఇన్నాళ్ళ అన్యాయం ఇప్పటికి సరైందన్నారు. హేమచంద్ర గారు టీ కప్పు కింద పెట్టి, గొంతు సవరించుకున్నారు.

"అసలు ఈ నంబర్ల వెనక ఒక కథ ఉందండీ. 1868లో వార్డుల విభజన దగ్గర పెద్ద తగాదా. ఆ తగాదా ఏమిటంటే..."

మధుసూదన్ గారు బల్ల కిందనుంచి ఆయన కోటు పట్టుకుని లాగారు.

పాండురంగకి ఫోన్ వచ్చింది. గ్వెల్ఫ్ నుంచి. "ఆఁ, చెప్పు... తిన్న, తిన్న, ఉప్మా... అది కాదు, ఇది విను ముందు. ఒకటో వార్డు ఎవరనుకున్నవ్?"