గ్రాఫ్ కాగితం మీది ఎర్ర చుక్క

ఇరవై ఏళ్లు దాటింది, ఒక ఎర్ర చుక్కను మోస్తున్నాను. ఆవగింజంత ఉంటుంది. గ్రాఫ్ కాగితం మీద నేనే పెట్టాను. అంత చిన్నదానికి ఇంత బరువేమిటని మీరు అడగవచ్చు. నన్ను నేనూ అడిగాను, మనసులోనే. డైరీలో అడగలేదు. డైరీలో అడిగితే జవాబు కూడా రాయాలి కదా.

నా పేరు చెప్పను. అదీ పిరికితనమే. కర్నూలులో ఒక కళాశాలలో జీవరసాయన శాస్త్రం చెప్పి రిటైరయ్యాను. పద్ధతి గల మనిషినని పేరు. పద్దెనిమిదో ఏట మొదలుపెట్టిన డైరీ ఇంతవరకు ఒక్కరోజు తప్పలేదు. వీధిలోకి వరద నీళ్లొచ్చిన వారం మేడ మీద కూర్చుని రాశాను. మా నాయన పోయిన రోజూ రాశాను. అన్నీ బీరువాలో వరుసగా ఉన్నాయి. వాటిలో ఒక్క పేజీ అబద్ధం. అది ఏ పుస్తకంలో ఎక్కడుందో చూడకుండానే చెప్పగలను.

ముందు మా పని సంగతి చెప్పాలి, లేకపోతే నా తప్పు మీకు అందదు. ప్రోటీన్ అంటే పొడవాటి దండ అనుకోండి. పూసలు అమైనో ఆమ్లాలు. దండ నిటారుగా ఉండదు, ముద్దలా ముడుచుకుంటుంది. ముడుచుకున్నప్పుడు దండలో ఎక్కడో దూరంగా ఉన్న రెండు పూసలు పక్కపక్కకు వచ్చి ఒకదాన్నొకటి తాకుతాయి. ఆ తాకుళ్లే ముద్దను నిలబెడతాయి. ఏది దేన్ని తాకుతోందో లెక్కగట్టడమే నా జీవితకాలపు పని. గ్రాఫ్ కాగితం మీద అడ్డంగా పూసల సంఖ్యలు, నిలువుగా అవే సంఖ్యలు. రెండు పూసలు మేం పెట్టుకున్న దూరం లోపలికి వస్తే ఆ గడిలో ఒక చుక్క.

కంప్యూటర్ ఈ పని నిమిషంలో చేస్తుంది. అయినా నా దగ్గర చేరిన ప్రతి విద్యార్థీ మొదట ఒక ప్రోటీన్‌ పటాన్ని చేత్తో వేయాలి. అణువుల కొలతలు అచ్చు తీసి, కాలిక్యులేటర్‌తో దూరాలు కట్టి, పెన్సిల్‌తో చుక్కలు పెట్టాలి. యంత్రాన్ని నమ్మే ముందు చేతికి తెలియాలని నా నియమం. ఆ నియమం చెప్పుకుని మురిసిపోయేవాణ్ణి. అదే నన్ను పట్టిస్తుందని అనుకోలేదు.

ఆ అమ్మాయిని సలోమి అంటాను. అసలు పేరు అది కాదు. కమలాపురం దగ్గర పల్లె. తల్లిదండ్రులు కూలికి పోయేవాళ్లు, ఆదివారం చర్చికి పోయేవాళ్లు. ఆ కుటుంబంలో డిగ్రీ దాటింది ఈ అమ్మాయే. పీహెచ్‌డీకి నా దగ్గర చేరింది. నేను ఇచ్చిన ప్రోటీన్ మామూలుది కాదు. నలభై ఒకటో పూస నూట పన్నెండో పూసను తాకుతుందనీ, ఆ తాకిడి వల్లే ఆ ప్రోటీన్ వేడికి విడిపోదనీ నేను వ్యాసం ప్రచురించి ఉన్నాను. నాకు గుర్తింపు వచ్చింది ఆ వ్యాసంతోనే.

సలోమి మూడు వారాలు చుక్కలు పెట్టింది. మా ల్యాబ్ అటెండర్ మస్తానప్పకు అది వినోదం. "ఏం సలోమమ్మా, పొద్దున్నించి సుక్కలు పెడ్తానే ఉండావు. యాడన్నా ముగ్గుల పోటీ ఉండాదా?" అనేవాడు. "ఉండాది మామా, నువ్వు పేడనీళ్లు సల్లు, నేను ఏస్తా" అనేది. ఆ అమ్మాయి నవ్వు గది చివరికి వినబడేది.

ఒకరోజు మధ్యాహ్నం కాగితం తెచ్చి నా బల్ల మీద పరిచింది. మస్తానప్ప టీ గ్లాసులు తీస్తున్నాడు. ఇంకా ఇద్దరు విద్యార్థులు ఉన్నారు.

"సార్, ఈ గడిలో సుక్క రాదు సార్."

నలభై ఒకటి, నూట పన్నెండు. ఖాళీ గడి.

"మళ్లీ చూడమ్మా. వ్యాసంలో ఉంది కదా."

"నాలుగు సార్లు సూసినా సార్. ఫైల్లో ప్రోటీన్లు రెండు ఉండాయి, ఎ ఒకటి, బి ఒకటి. కొలిసేదానికి కట్టిన స్ఫటికంలో పక్కపక్కన ఇరుక్కోని ఉండాయి. రెండిట్లోనూ పూసల నంబర్లు ఒకటే. ఎ లోని నలభై ఒకటి తగిలేది బి లోని నూట పన్నెండుకు. దాని సొంత నూట పన్నెండు శానా దూరం సార్. మన ప్రోగ్రాం నంబర్లే సూస్తాంది, ఎ నా బి నా అని సూడ్డంల్యా."

నాకు అర్థం కాలేదనుకుందేమో, ఇంకొంచెం ఉత్సాహంగా చెప్పింది.

"కడప బస్సులో పక్కనోళ్ల మోచెయ్యి తగిల్తే వాళ్లు మన సొంతోళ్లయిపోతారా సార్?"

మస్తానప్ప పగలబడి నవ్వాడు. ఆ ఇద్దరూ నవ్వారు. సలోమి కూడా నవ్వింది, నేనూ నవ్వుతాననే నమ్మకంతో.

జేబులోంచి ఎర్ర పెన్ను తీశాను. ఖాళీ గడిలో చుక్క పెట్టాను.

"కళ్లు మూసుకోని ప్రార్థన చేస్తే వచ్చే చదువు కాదమ్మా ఇది. కళ్లు తెరిసి సూడాల."

ఛీ. ఈ వాక్యం రాయడానికి నాకు మూడు రోజులు పట్టింది. అప్పటివరకు నాలో అలాంటి మాట ఉందని నాకు తెలుసా? తెలుసు. మా ఇంట్లో, మా పొలం గట్ల మీద విని పెరిగిన మాటే. నోటిలోపలే ఉంది, అవసరం రాగానే బయటికొచ్చింది. గదిలో నవ్వు ఆగిపోయింది. మస్తానప్ప గ్లాసులు తీసుకుని వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రమే ఒంటరిగా ఫైలు తెరిచి చూశాను. ఆమె చెప్పింది అక్షరాలా నిజం. నా వ్యాసం తప్పు. అంటే నాకు తెలిసే, తెలిసిన తర్వాతే, మిగిలినదంతా చేశాను. కోపంలో చేశానని చెప్పుకోవడానికి కూడా నాకు వీల్లేదు.

నెల తిరగకుండా పరిశోధన కమిటీ కూర్చుంది. ముగ్గురు పెద్దలు. సలోమి బయట బల్ల మీద కూర్చుని ఉంది. ఆమె పరిశోధనకు పనికిరాదన్నాను, అజాగ్రత్తకు సాక్ష్యమని ఆ కాగితం చూపించాను. ఎర్ర చుక్క ఏమిటని ఒకాయన అడిగాడు. "తప్పు తెలుసుకుని ఆ అమ్మాయే దిద్దుకుంది" అన్నాను. ఎంత నున్నగా వచ్చింది ఆ అబద్ధం! తర్వాత ఆమెను పిలిచి, తప్పు నువ్వే దిద్దుకున్నావట కదా అన్నారు. ఆమె వాళ్లను చూడలేదు. నన్ను చూసింది.

"నా కాడ ఎర్ర పెన్ను యాడ ఉండాది సార్?"

దాటవేస్తోందనుకున్నారు వాళ్లు. నేను బల్ల మీద కాగితాల అంచులు సమానం చేసుకుంటున్నాను. ఆమె రిజిస్ట్రేషన్ రద్దయింది. ఆ రాత్రి డైరీలో రాశాను: "సలోమి పటంలో తప్పు. దిద్దించాను." కింద స్కేలుతో గీత కూడా గీశాను.

ఇంతటితో ఆగి ఉంటే ఒక నీచమైన పని చేసిన మనిషిని అయ్యేవాణ్ణి. ఆగలేదు. ప్రోగ్రాంలో ఎ నా బి నా అని చూసే వరుస ఒకటి చేర్చాను. పాత వ్యాసం ఊసెత్తలేదు. ఆ తర్వాత వచ్చిన ప్రతి విద్యార్థికీ ఎ, బి లను కలపొద్దని నా సొంత హెచ్చరికలా చెప్పాను. అంతేనా? ఏటా తరగతిలో, "కడప బస్సులో పక్కనోళ్ల మోచెయ్యి తగిల్తే వాళ్లు మన సొంతోళ్లయిపోతారా?" అని అడిగేవాణ్ణి. ఆమె యాసలోనే. పిల్లలు పగలబడి నవ్వేవాళ్లు. ఆ నవ్వు కోసం ఎదురుచూసేవాణ్ణి. ఆమె చదువు తీసేసి, ఆమె మాట నోట్లో వేసుకుని నమిలాను. పదవీ విరమణ సభలో ఒకరు ఆ ఉదాహరణ చెప్పి నన్ను పొగిడితే శాలువా కింద చేతులు కట్టుకుని తల ఊపాను. ఇప్పుడు తలచుకుంటే రోత పుడుతుంది. అప్పుడు పుట్టలేదు. అది ఇంకా రోత.

సలోమి మైదుకూరులో ఒక బడిలో సైన్సు చెబుతోందని విన్నాను. కడపకు పోయినప్పుడల్లా బస్సు మైదుకూరులో ఆగుతుంది. నేను కిటికీ వైపు సీటు తీసుకోను.

పోయిన నెల నా పాత విద్యార్థి ఒకతను ఫోన్ చేశాడు. డిగ్రీ పిల్లలకు తెలుగులో పుస్తకం రాస్తున్నాడట. "సార్, మీ బస్సు ఉదాహరణ లేకుండా ఆ పాఠం ఎట్ల రాసేది? మీ పేరుతోనే ఏస్తా. సరే అని ఒక ఉత్తరం పంపండి సాలు" అన్నాడు. పంపడానికి కూర్చున్నాను. "సంతోషం" అని రాశాను కూడా. నా అక్షరాలు ఎప్పటిలా గుండ్రంగా, వరుసగా ఉన్నాయి. వాటిని చూస్తుంటే ఎవరి వాంతినో తుడుస్తున్నట్టు అనిపించింది. చింపేశాను.

అతనికి వేరే ఉత్తరం రాశాను. ఆ ఉదాహరణ ఎవరిదో, ఆ తప్పు పట్టుకుంది ఎవరో, చుక్క పెట్టింది ఎవరో, కమిటీకి నేనేం చెప్పానో. ఆమె అసలు పేరుతో, నా సంతకంతో. ఒక ప్రతి నా వ్యాసం వేసిన పత్రికకు, ఒకటి విశ్వవిద్యాలయానికి. నేనే పోయి పోస్టు డబ్బాలో వేశాను.

ఆమెకు మాత్రం రాయలేదు. క్షమించమని అడిగితే జవాబు చెప్పే భారం ఆమె మీద పడుతుందని ఒక కారణం చెప్పుకున్నాను. చూడటానికి మంచి కారణమే. అసలు కారణం భయం. ఆమె చదువు తిరిగి రాదు. ఆ నవ్వు ఇంకా ఉందో లేదో నాకు తెలియదు, తెలుసుకునే హక్కు కూడా లేదు.

నిన్న బీరువా తెరిచి ఆ డైరీ తీశాను. గ్రాఫ్ కాగితం ఆ పేజీలోనే మడిచి ఉంది. పెన్సిల్ చుక్కలు వెలిసిపోయాయి. ఎర్రది వెలవలేదు. స్కేలుతో గీసిన గీత కింద రాశాను: "అబద్ధం. చుక్క నేను పెట్టాను. ఆమె పటం సరైనది."

స్కేలు తీసుకోకుండా గీత గీశాను. నా డైరీలన్నిటిలో వంకర గీత అదొక్కటే. దిద్దకుండా పుస్తకం మూశాను.