నాన్న పళ్లు, నా తీగలు

నా ముక్కు అమ్మది, రంగు నాయనమ్మది. ముందుకు పొడుచుకొచ్చిన పై పళ్లు మాత్రం అచ్చంగా మా నాన్నవి. ఆయన వాటితో హాయిగా బతికాడు. నాకు చేతకాలేదు.

అరవైల చివరి మాట ఇది. గుంటూరు వైపు నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబం మాది. తార్నాకలో రెండు గదుల వాటాలో అద్దెకుండేవాళ్లం. నాన్న బళ్లో లెక్కలు చెప్పేవాడు. ప్రతి ఆదివారం చర్చిలో వాక్యం చదివేది కూడా ఆయనే. శనివారం సాయంత్రం వాకిట్లో కుర్చీ వేసుకుని, మర్నాటి భాగాన్ని గొంతెత్తి రెండుసార్లు చదువుకునేవాడు. తడబడకుండా చదవాలని ఆయన పట్టుదల. 'ప' పలికినప్పుడల్లా పై పళ్లు కింది పెదవికి తగిలి సన్నగా ఈలలాంటిది వచ్చేది. చర్చిలో అంతమందిలో ఒక్కరూ దాన్ని పట్టించుకున్న పాపాన పోలేదు. సిగ్గంతా నాకే.

అప్పటికి నాకు ఇరవై నాలుగేళ్లు. యూనివర్సిటీలో ఎమ్మే పూర్తిచేసి అక్కడే ట్యూటరుగా చేరాను. పాఠం చెబుతున్నంతసేపూ హాజరుపట్టీ నోటికి అడ్డం పెట్టుకునేదాన్ని. వెనక బెంచీలవాళ్లకి నా మాటలు సగమే అందేవి. నవ్వొస్తే కొంగు అడ్డం. ఎవరైనా ఫొటో తీస్తామంటే అక్కణ్ణుంచి మాయం. ఈవిడకి బోలెడు పొగరని కొందరు అనుకునేవారట. పళ్ల సంగతి తెలియడం కన్నా అదే నయమనుకునేదాన్ని.

నాతోపాటు చేరిన ట్యూటరు ఒకతె ఉండేది. నల్లగొండ వైపు రైతుల పిల్ల, ఉన్నమాట మొహం మీదే అనేసే రకం. ఒకరోజు నా చేతిలోని హాజరుపట్టీ లాక్కుంది.

"నోటికి తాళమేసుకొని పాఠమెట్ల చెప్తవే? సికింద్రాబాద్ల ఒక పండ్ల డాక్టరున్నడంట. పెద్దోళ్లకు గూడ తీగలేస్తడంట. పోయి అడుగు, ఏమైతది?"

పళ్లు వరసలోకి తెచ్చే తీగలంటే బడిపిల్లలకి వేసేవని అప్పట్లో అందరి నమ్మకం. ఈడొచ్చిన పిల్లకి నోట్లో ఇనప కంచె ఏమిటని అమ్మ గోల పెట్టింది. నాన్న ఒక్కడే నా పక్షం. దాని పళ్లు దాని ఇష్టం, నువ్వూరుకో అని అమ్మని కసిరి, నాకు తోడుగా డబుల్ డెక్కర్ బస్సెక్కాడు. మేడమీద ముందు సీట్లో కూర్చుని దారిపొడుగునా నాకు ధైర్యం చెబుతూనే ఉన్నాడు.

డాక్టరు నా నోరంతా చూసి, ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉన్నాయా అని అడిగాడు. నాన్న గుమ్మం పక్క స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. ఉన్నాయండీ అంటే సరిపోయేది. అంతటితో ఊరుకుంటే నేను నేనెలా అవుతాను? ఎన్నాళ్లుగానో లోపల దాచుకున్న ఉక్రోషమంతా ఒక్కసారి బయటికొచ్చింది.

"అదిగో, అక్కడ కూర్చున్నారుగా, ఆయన చలవే ఇదంతా. ఇలాంటి పళ్లు పెట్టుకుని నలుగురి ముందు నోరు తెరవకూడదు డాక్టరుగారూ. చూసేవాళ్లకే సిగ్గు."

డాక్టరు నవ్వాడు. నాన్న కూడా నవ్వాడు, ఎప్పటిలాగే పళ్లన్నీ కనబడేలా. ఆ నవ్వు చూసి నా మాట ఆయన్ని తాకలేదనే అనుకున్నాను. ఎంత తెలివితక్కువదాన్నో!

చోటు కోసం ముందు నాలుగు పళ్లు పీకారు. తర్వాత ఒక్కో పంటికీ ఒక్కో రేకు పట్టీ తొడిగి, వాటన్నిటి మీదుగా తీగ లాగారు. నెలకోసారి వెళ్తే ఆ తీగ బిగించేవారు. బిగించిన రెండు రోజులూ పప్పన్నం కూడా నమల్లేక మజ్జిగ తాగి పడుకునేదాన్ని. ఆ రోజుల్లో నాన్నే అన్నం మెత్తగా పిసికి గిన్నెలో పెట్టి ఇచ్చేవాడు. అలా దాదాపు రెండేళ్లు గడిచాయి.

ఫలితం దక్కలేదంటే కళ్లు పోతాయి. మొదటిసారి నా పెదాలు వాటంతటవే మూసుకున్నాయి. పళ్లు తోముకుంటే వచ్చే రక్తం ఆగిపోయింది. క్యాంపస్ దారిలో జామకాయ కొని, చాకుతో ముక్కలు కోయించుకోకుండా అక్కడే నిలబడి కొరికాను. క్లాసులో హాజరుపట్టీ బల్లమీదే ఉండిపోయింది, నా గొంతు చివరి బెంచీదాకా వెళ్లింది. పెద్దయ్యాక వేయించుకోవడంలో ఒక సుఖం ఉంది. ఏం పోగొట్టుకుంటూ వచ్చామో తెలిసే వేయించుకుంటాం కాబట్టి, తిరిగొచ్చిన ప్రతిదీ రుచిగా ఉంటుంది.

తీగలు తీసేసిన వారం, శనివారం సాయంత్రం నాన్న బైబిలు తెచ్చి నా ఒళ్లో పెట్టాడు.

"ఇకనుంచి నువ్వు చదువమ్మా. నాకు అక్షరాలు సరిగా ఆనడం లేదు."

నేను ఉబ్బితబ్బిబ్బయ్యాను. మర్నాడు చర్చిలో చదివాను. ఎంత స్పష్టంగా చదివావమ్మా అని అందరూ మెచ్చుకున్నారు. పై ఆదివారం మళ్లీ నేనే. అలా అది నాదైపోయింది. ఈలోగా నాన్న చేతికి ఒక రుమాలు వచ్చి చేరింది. మాట్లాడినా నవ్వినా అది నోటి దగ్గరికి వెళ్లేది. సుద్దముక్కల పొడికి దగ్గొస్తోంది కాబోలనుకున్నాను.

కొన్ని నెలలయ్యాక ఒకరోజు భోజనాల దగ్గర ఏదో మాటకి నాన్న నవ్వి, చటుక్కున రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. కొత్త పెళ్లికూతురిలా ఆ సిగ్గేమిటి నాన్నా అని వేళాకోళం చేశాను. ఆయన చెయ్యి కడుక్కోవడానికి లేచి వెళ్లాడు. అమ్మ గిన్నెలోంచి తలెత్తకుండానే అంది:

"డాక్టరు దగ్గర నువ్వన్న మాటేగా. ఆ రాత్రి ఆయన అన్నం ముట్టలేదు. కళ్లు కనబడకా, పాడా? నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నీకు పళ్లు మంచివయ్యాయి, అంతే."

తప్పయిందని నాన్నకి చెప్పాలనుకున్నాను. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూ రోజులు దొర్లించాను. క్లాసులో గంటసేపు గుక్క తిప్పుకోకుండా మాట్లాడేదాన్ని, ఇంటికొస్తే ఆయన ముందు ఏదో కూర సంగతి ఎత్తుకునేదాన్ని.

ఒక శనివారం లైబ్రరీ నుంచి క్యాంపస్‌కి అడ్డంపడి ఇంటికొస్తున్నాను. బండరాళ్ల వెనక నుంచి నాన్న గొంతు వినబడింది. మర్నాడు నేను చర్చిలో చదవాల్సిన భాగమే అది. చుట్టుపక్కల మనిషన్నవాడు లేడు. ఆయన ఒక రాతిమీద కూర్చుని, పుస్తకాన్ని చేతిదూరాన పట్టుకుని, గొంతెత్తి చదువుతున్నాడు. 'ప' దగ్గర ఆ ఈల వినబడింది. ఎన్నాళ్లయిందో దాన్ని విని! ఏడుపొచ్చింది.

నా అడుగుల చప్పుడుకి తలతిప్పి చూశాడు. పుస్తకం మూసేశాడు. రుమాలు నోటి దగ్గరికి వెళ్లింది.

"ఊరికే గాలికొచ్చానమ్మా" అన్నాడు రుమాలు వెనక నుంచి.

మీరు చదవండి నాన్నా, రేపు చర్చిలో మీరే చదవండి, ఆ రోజు నేనన్నది తప్పు. ఇంతే అనాల్సింది. నెలల తరబడి లోపల వల్లె వేసుకున్న మాటలే. "చలిగాలిగా ఉంది, ఇంటికి పోదాం రండి" అన్నాను. ఆయన లేచి నా వెనకే నడిచాడు. మర్నాడు చర్చిలో నేనే చదివాను. ఆయన మూడో వరసలో కూర్చుని విన్నాడు.

ఆ తర్వాత నాన్న చాలా ఏళ్లే బతికాడు. ప్రతి వారం ఒక శనివారం వచ్చింది, వెళ్లింది. ఆ మాట నేను అనలేదు. తీగలు తీసిన దగ్గర్నుంచీ నేను నోటికి ఏదీ అడ్డం పెట్టుకోలేదు. మా నాన్న పోయేదాకా రుమాలు దించలేదు.