వానను కట్టేశాడన్న శుక్రవారం

ఆ కబురు నాకు మొదట తెచ్చింది పక్కింటి అవ్వ. నేను పెరట్లో మగ్గానికెక్కే పడుగు నూలుకు గంజి కాస్తున్నాను. ఆమె గోడ పట్టుకొని, ఆయాసపడుతూ, "అమ్మీ, మీ మామను గుడికాడ కొడతాండారు" అంది.

రెండో ప్రపంచ యుద్ధానికి ముందటి మాట. ఎమ్మిగనూరులో పుట్టి, మా నాయన ఇంట్లోనే దిద్దించిన అక్షరాలతో, ఆదోని అవతల గుట్ట మీది చిన్న ఊరికి కోడలినై వచ్చాను. నేత ఇల్లు మాదొక్కటే. మిగతావాళ్లంతా రాళ్ల మధ్య జొన్న, కొర్ర వేసుకొని వాన కోసం చూసేవాళ్లు. మామ ప్రతి గురువారం చీరలు మోసుకొని ఆదోనికి దిగేవాడు. అక్కడ పత్తి సావుకారి అంగట్లో ఎవరైనా పేపరు చదువుతుంటే వానమాట వినేవాడు. తిరిగొస్తూ గుట్ట నెత్తిన నిలబడి గాలి ఎటు వీస్తోందో చూసుకునేవాడు. ఆ వారం ఎలా ఉంటుందో శుక్రవారం పొద్దున ఆంజనేయస్వామి గుడి అరుగు మీద చెప్పేవాడు. విత్తనం వెయ్యాలా ఆగాలా అన్నది వాళ్లకు కావాలి. పడుగు బయట చాచి గంజి పెట్టొచ్చా అన్నది మాకు. "మబ్బులు నీ మాట ఇంటాయా అన్నా, నువ్వు మబ్బుల మాట ఇంటావా" అని నవ్వేవాళ్లు.

ఆ ఏడు నవ్వు పోయింది. వరుసగా ఐదు శుక్రవారాలు మామ వాన లేదనే చెప్పాడు, పడనూ లేదు. గింజ మట్టిలోనే మాడింది. పసరాలు మేత లేక నిలబడ్డచోటే కూలిపోయేవి. ఆరో శుక్రవారం కూడా లేదనేసరికి, వానొస్తే వీని పడుగు తడుస్తుందని వీడే వానను కట్టేశాడని ఎవరో అన్నారట. కుండ మూతి దారంతో బిగించి నేలలో దాస్తే మబ్బు రాదని ఆ ఊళ్లో అందరికీ నమ్మకం. బయటి ఊరిదాన్ని, నాకది అప్పటికి తెలియదు.

నా పెనిమిటి నూలు కోసం పొరుగూరు పోయి ఉన్నాడు. నేనూ అత్తా పరుగెత్తి పోయేసరికి మామ అరుగు కింద పడి ఉన్నాడు. ఒకడు జుట్టు పట్టి తలను రాతికేసి కొడుతున్నాడు. ఇంకొకడు కట్టెతో కుడి మణికట్టు మీద వేశాడు. ఎముక విరిగిన చప్పుడు నాకు వినబడింది. "నీ పడుగు ఆరాలని మా పిల్లోళ్లు ఎండాలనా?" అంటున్నాడు. మా ఇంట్లో అన్నం తిన్నవాడే.

ఇంతలో నలుగురు మా ఇల్లు సోదా చేసి, మగ్గం కింద నేలలో తవ్విన గుంటలోంచి కుండ తెచ్చారు. మూతికి గుడ్డ, దాని మీద ఏడు చుట్ల నూలు. పులియబెట్టిన గంజి అది. బల్లి పడకుండా, మా అమ్మ కట్టినట్టే నేను కట్టి, చల్లగా ఉంటుందని గుంటలో పెట్టాను. కుండ చూడగానే జనం గొంతు మారింది. ఒకడు రెండు చేతులా పెద్ద రాయి తలపైకెత్తాడు.

నేను కట్టానని చెప్పబోయాను. అత్త చెయ్యి నా నోటి మీద పడింది, పళ్లు పెదవిలో దిగేంత గట్టిగా. నన్ను వెనక్కి తోసి గుంపులోకి పోయింది.

"కట్టింది నేను. పడుగుకు పెట్టే గంజప్పా అది."

"గంజయితే తాగు, సూస్తాము."

నూలు పళ్లతో తెంచి కుండ ఎత్తింది. వారం నాటి పులుపు గడ్డం మీదుగా కారుతోంది. ఎవడో వీపు మీద తన్నాడు. మోకాళ్ల మీద పడి కూడా కుండ వదల్లేదు. అడుగంటా తాగి, రాయెత్తినవాని కాళ్ల దగ్గర బోర్లించింది.

"మంత్రం యాడుందో ఎతుక్కోండి. లేకుంటే నా మొగున్ని నాకియ్యండి."

వాడు రాయి పక్కన పడేశాడు. ఒక్కరొక్కరే వెళ్లిపోయారు. స్వామి దయ, ప్రాణం దక్కింది. మామ చెయ్యి మాత్రం మళ్లీ మగ్గం మీద నాడె విసరలేదు. అత్త మూడు రోజులు నెత్తురు కక్కింది.

మరుసటి శుక్రవారం గుడి దగ్గర ఎవరూ లేరు. అత్త మామను గుమ్మంలో కూర్చోబెట్టి గాలి చూడమంది. నాలుగు రోజుల్లో వడగళ్లు పడతాయని మామ అన్నాడు. ఆమె నొప్పి నడుమును చేత్తో పట్టుకొని ఇల్లిల్లూ తిరిగి, పసరాలను లోపల కట్టుకోమని చెప్పింది. రాయెత్తినవాని ఇంటికే ముందు పోయింది. వడగళ్లు పడి ఇళ్ల కప్పులు పగిలాయి గానీ, మాట విన్నవాళ్ల పసరాలు బతికాయి.

కుండ కట్టింది నేనని అత్త పోయేదాకా ఎవరికీ చెప్పలేదు. నా దగ్గరా ఆ మాట ఎత్తలేదు. ఇప్పుడు నేనే చెప్పాను. చదివినవాళ్లు నన్నేమనుకున్నా సరే, దేవునికి దండం పెట్టేటప్పుడు ఒక్కసారి మా అత్తను తలుచుకోండి.