కుడి భుజం మీద లెస్ చెయ్యి

ఆథల్ ట్రెగియర్ పన్నెండు సీజన్లు రగ్బీ లీగ్ ఆడాడు, అన్నీ స్క్రమ్ ముందు వరసలోనే. హంటర్ లోయ బొగ్గు ఊళ్ళలో వారమంతా గని, ఆదివారం మ్యాచ్. ముక్కు రెండుసార్లు విరిగింది. కుడి చెవి నలిగి నలిగి ముద్దయిపోయింది. సిడ్నీ నుంచి ఒక క్లబ్బు పెద్దమనిషి పిలవడానికి వస్తే, "లెస్‌ని కూడా తీసుకుంటారా?" అని అడిగాడు. కుదరదన్నాడు. ఆథల్ వెళ్ళలేదు.

లెస్ కిట్టో ఆథల్ జట్టుకు హుకర్. రెండు జట్లూ తలలు దూర్చి తోసుకునే స్క్రమ్‌లో హుకర్‌ది నడిమి చోటు. అటూ ఇటూ ఉన్నవాళ్ళ భుజాల మీద చేతులేసి వేలాడుతూ, కాలితో బంతిని వెనక్కి లాగాలి. ఏడేళ్ళు లెస్ ఎడమ చెయ్యి పడింది ఆథల్ కుడి భుజం మీదే.

పంతొమ్మిది వందల యాభై మూడు ఫైనల్లో ఎవరిదో మోకాలు లెస్ కణతకు తగిలింది. బదులు ఆటగాడు అన్న మాట అప్పటికి లేదు. మనిషి దిగిపోతే మిగిలేది పన్నెండు మందే. అందుకని దెబ్బతిన్నవాణ్ణి మైదానం అంచున దిష్టిబొమ్మలా నిలబెట్టేవారు. కెప్టెన్ ఆథలే గనక లెస్‌ని అలాగే నిలబెట్టాడు. నడిమి చోట్లో వేరేవాడు దూరాడు. ఆ తరవాత ఒక్క స్క్రమ్ కూడా వాళ్ళకు దక్కలేదు. ఇంకో పది నిమిషాల ఆటుంది, రెండు పాయింట్లు వెనక. ఆథల్ అంచుకు నడిచాడు.

"లెస్, ఇవాళ ఏం వారం రా?"

"ఆదివారం."

"బుర్ర బానే ఉంది. రా లోపలికి."

ఫైనల్ ఆడేవాడికి ఆదివారమని తెలియదా? మనిషి ఎలా ఉన్నాడో తెలుసుకోవడానికి అడిగిన ప్రశ్న కాదది, పిలవడానికి వెతుక్కున్న సాకు.

లెస్ వచ్చాడు. మూడు స్క్రమ్‌లు, మూడూ గెలిచాడు. మూడో దాన్నుంచి మూడు పాయింట్ల ట్రై వచ్చింది, ఒక్క పాయింటుతో కప్పు. అందరూ విడిపోయినా ఆథల్ భుజం మీద చెయ్యి అలాగే ఉంది. తరవాత తడి గోనెలా జారింది.

లెస్ బతికాడు. తన పేరు చెప్పగలడు, పిల్లల పేర్లు చెప్పలేడు. ఊరికి మాత్రం వీరుడు దొరికాడు. "నన్ను రానివ్వండి" అంటూ తనే పరిగెత్తుకొచ్చాడని ఎవరో పబ్బులో అన్నారు. ఊరు నమ్మింది. కాదని చెప్పగలిగినవాడు గ్లాసు చేత్తో పట్టుకుని ఊరుకున్నాడు. త్యాగాల కథలు చాలావరకు ఇలాగే పుడతాయి, ఒకడి నోటితో, ఇంకొకడి మౌనంతో.

ఆథల్ ఇంకో నాలుగు సీజన్లు ఆడాడు. పక్కకు పొట్టి హుకర్లు వచ్చారు, పొడుగువాళ్ళూ వచ్చారు. తల దూర్చగానే భుజం మీద పడేది మాత్రం లెస్ బరువే. స్క్రమ్‌లో అవతలి పక్కకు మారి చూశాడు. బరువూ ఎడమ భుజానికి మారింది. ఆట మానేశాక గనిలోకి దిగే లిఫ్టు పంజరంలో కూడా, నలుగురి మధ్య ఇరుక్కుని నిలబడ్డప్పుడు, ఆ చెయ్యి పడేది.

అరవై నాలుగులో క్లబ్బు కొత్త ప్రేక్షకుల గ్యాలరీకి లెస్ పేరు పెట్టింది. శనివారం విందు, ప్రసంగం ఆథల్‌ది. గురువారం అతను లెస్ భార్య ఎయిలీన్ దగ్గరికి వెళ్ళాడు. ఆమె పెరట్లో దుప్పట్లు ఆరేస్తోంది. లెస్ ఎండలో కుర్చీలో ఉన్నాడు.

"ఎయిలీన్, వాడు తనంతట తను రాలేదు. నేనే పిలిచాను."

ఆమె నోట్లోంచి క్లిప్పు తీసింది. "తెలుసు."

"ఎవరు చెప్పారు?"

"చెప్పాలా? ఊరికే బీరు పోస్తున్నారంటే తప్ప ఆయన పరిగెత్తే మనిషా? నువ్వు పిలిస్తే మాత్రం గోతిలోకైనా వస్తాడు."

"శనివారం అందరి ముందూ చెప్పేస్తాను."

"దేనికి? నీకు నిద్ర పట్టడానికా?" ఆమె దుప్పటి విదిలించింది. "ఆ కథ విన్నప్పుడే ఆయన నవ్వేది. మిగతా రోజంతా ఆ మొహంలో ఏమీ ఉండదు, నువ్వే చూడు. నీ బరువు దించుకోవడానికి అదీ లాక్కుపోతావా? మొయ్యి."

"ఎన్నాళ్ళు?"

"నన్నడుగుతావేం? ఆట ఆపే విజిలు నా దగ్గరుందా?"

శనివారం విందులో ఆథల్ మాట్లాడడానికి లేచాడు. "నేను వద్దన్నాను. వింటేగా! 'నన్ను రానివ్వరా' అని నా చొక్కా పట్టుకున్నాడు" అన్నాడు. చొక్కా సంగతి అంతకుముందు ఎవరూ చెప్పలేదు. హాలు దద్దరిల్లింది.

ముందు వరసలో లెస్ పళ్ళన్నీ కనబడేలా నవ్వాడు.

"మళ్ళీ చెప్పు" అన్నాడు.

ఆథల్ మొదటినుంచీ మళ్ళీ చెప్పాడు.