ఎడమవైపు బటన్

ఒక రబ్బరు ముక్క. అంతే. అరచేతిలో పెట్టుకుంటే బరువు కూడా తెలియదు. దాన్ని పద్నాలుగేళ్ళుగా మనసులో మోస్తున్నాను. మా ఆవిడకు తెలియదు, మా బాపుకు తెలియదు, తెలియాల్సిన మనిషికి అసలే తెలియదు. మీకెందుకు చెబుతున్నానంటే మీరు నన్ను ఎరగరు. రేపు బజార్లో ఎదురుపడినా గుర్తుపట్టలేరు. పిరికివాడికి ఇంతకంటే ఏం కావాలి? నా పేరు రాయను. నా స్నేహితుడిని మల్లేష్ అంటాను. అది వాడి అసలు పేరు కాదు.

మాది బేగంబజార్‌లో స్టీలు సామాను హోల్‌సేల్ దుకాణం. ఇల్లు హుస్సేనీ ఆలంలో. దుకాణంలో పెరిగిన నాకు ఒక అలవాటుండేది. పాత సైకిల్ ట్యూబులను అడ్డంగా కోసి రబ్బరు కడియాల్లా చేసి పెట్టుకుంటాం. చిన్న పళ్ళేలు దొంతరగా పేర్చి వాటి మీదికి ఒక రబ్బరు లాగి తొడిగితే ఏ ఊరికి పంపినా జారవు. పనికి చేతికందేలా నాలుగైదు రబ్బర్లు ఎప్పుడూ నా మణికట్టు మీదే ఉండేవి. గాజులు తొడుక్కున్నావేంరా అని కాలేజీలో ఏడిపించేవారు. అయినా తీసేవాణ్ణి కాదు. ఏది వదులుగా ఉన్నా, ఏది జారుతున్నా నా చెయ్యి ముందు వాటి మీదికే పోయేది. నిజం చెప్పాలంటే ఆ తెలివి చూసుకుని నాకు కాస్త గర్వం కూడా ఉండేది.

మల్లేష్ మా గల్లీవాడే. వాళ్ళ నాన్న సిటీ బస్సు డ్రైవరు. ఇద్దరం ఒకే కాలేజీలో ఇంజనీరింగ్‌లో చేరాం. ఆరు నెలలు క్లాసులో, ఆరు నెలలు ఫ్యాక్టరీలో నడిచే కోర్సు అది. ఫ్యాక్టరీలో ఉన్నన్నాళ్ళు జీతం ఇస్తారని విని, సరుకు కొనకముందే లాభం వచ్చినట్టు మా బాపు సంబరపడ్డాడు. ఇద్దరిలో జాగ్రత్త మల్లేష్‌దే. అఫ్జల్‌గంజ్‌లో రోడ్డు దాటేటప్పుడు నా చొక్కా పట్టుకుని ఆపేవాడు. పరీక్షలో రాసిన లెక్కను మళ్ళీ మొదటినుంచి చేసి చూసుకునేవాడు. ఇది మీరు గుర్తుపెట్టుకోవాలి. నేను మర్చిపోవాలని ఎంత ప్రయత్నించినా మర్చిపోలేనిది ఇదే.

మమ్మల్ని పంపిన ఫ్యాక్టరీలో సీలింగ్ ఫ్యాన్ల రేకు భాగాలు చేసేవారు. ట్రైనీలు ప్రతి మిషను మీదా కొన్నాళ్ళు పనిచేయాలి. మా ఇద్దరికీ కలిపి ఒక పవర్ ప్రెస్ ఇచ్చారు. కింద అచ్చులో రేకు బిళ్ళ పెడితే, పైనుంచి బరువైన ఇనుప దిమ్మ దిగి దానికి ఆకారం ఇస్తుంది. చేతులు నలగకుండా మిషనుకు అటొకటి ఇటొకటి రెండు బటన్లు. రెండూ నొక్కి ఉంటేనే దిమ్మ దిగుతుంది. రెండు చేతులూ బటన్ల మీద ఉన్నాయంటే అచ్చులో లేనట్టే కదా. అందుకే ఎడమ చేత్తో బిళ్ళ పెడుతూనే కుడి అరచేత్తో కుడి బటన్‌ను నొక్కి ఉంచడం అక్కడ అందరికీ అలవాటు. ఎడమ చెయ్యి బయటికి వచ్చి తన బటన్ నొక్కేదాకా మిషను కదలదన్న భరోసా అది.

ఆ భరోసాను నేను చెడగొట్టాను.

ఎక్కువ పని చూపించిన ట్రైనీని డిజైన్ సెక్షన్‌కు పంపుతారని ఎవరో అన్నారు. ఏసీ గది, కంప్యూటరు, నూనె మరక అంటని చొక్కా. నాకు ఆ గది కావాలి. బిళ్ళ పెట్టడం, చెయ్యి తీయడం, రెండూ నొక్కడం, మళ్ళీ పెట్టడం. ఎడమ చెయ్యి అచ్చుకూ బటన్‌కూ మధ్య తిరిగి తిరిగి సమయం తినేస్తున్నట్టు అనిపించింది. మల్లేష్ టీకి వెళ్ళాడు. నా చెయ్యి మణికట్టు మీదికి పోయింది. ఒక రబ్బరు తీసి ఎడమ బటన్ డబ్బా చుట్టూ లాగి తొడిగాను. బటన్ లోపలికి నొక్కుకుపోయి అలాగే ఉండిపోయింది. ఇక కుడిది ఒక్కటి నొక్కితే చాలు. పని పరుగెత్తింది. నల్ల డబ్బా మీద నల్ల రబ్బరు. పనిగట్టుకుని చూస్తే తప్ప కనబడదు.

అంతలో సూపర్‌వైజరు నన్ను పిలిచాడు. మల్లేష్ టీ తాగి వచ్చాడు. నువ్వు చూసుకో, ఇప్పుడే వస్తానని చెప్పి లేచాను.

రబ్బరు సంగతి అప్పుడు నాకు గుర్తులేదా? ఇన్నేళ్ళూ నన్ను నేను అడుగుతున్నది ఇదే. గుర్తులేదనే చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. కానీ రెండడుగులు వేశాక ఏదో మర్చిపోయినట్టు అనిపించి ఆగడం నాకు జ్ఞాపకం ఉంది. వెనక్కి తిరిగి తీయబోతే సూపర్‌వైజరు చూస్తాడని, చూస్తే డిజైన్ సెక్షన్ మాట దేవుడెరుగు, ఉన్న ట్రైనింగే పోతుందని, ఒక్క నిమిషంలో వచ్చి తీసేయొచ్చని అనుకున్నానా, లేక ఇదంతా తర్వాత నన్ను నేను శిక్షించుకోవడానికి అల్లుకున్నదా? తెలియదు. నిజంగా తెలియదు. ఆగిన మాట మాత్రం నిజం.

మల్లేష్ అరవలేదు. దిమ్మ దిగిన చప్పుడు ఒకటి వినబడింది, తర్వాత ఆ మిషను మళ్ళీ మోగలేదు. అదే నన్ను వెనక్కి తిప్పింది. వాడి ఎడమ చేతివి రెండు వేళ్ళు పోయాయి. అందరికంటే ముందు చేరింది నేనే. మిగతావాళ్ళు వాణ్ణి పట్టుకుని లేపుతుంటే నేనేం చేశానో చెబుతాను. రబ్బరు లాగేసి మళ్ళీ మణికట్టుకు తొడుక్కున్నాను. ఆలోచించి చేయలేదు. దుకాణంలో దొంతర విప్పగానే చేసే పని అది, చెయ్యి దానంతట అదే చేసింది. ఆసుపత్రిలో మల్లేష్ వాళ్ళమ్మ ఆ మణికట్టే పట్టుకుని ఏడ్చింది.

మర్నాడు వార్డులో వాడు నన్ను దగ్గరికి పిలిచాడు. కళ్ళు వాచి ఉన్నాయి. గొంతు మాత్రం లెక్క సరిచూసుకునేటప్పటి గొంతే.

"నువ్వు ఆడనే ఉంటివి గదా. ఒక్కటి చెప్పు. నా ఎడమ చెయ్యి లోపలనే ఉండె. మరి రెండో బటన్ ఎట్ల పడ్డది?"

నేను గ్లాసులో నీళ్ళు పోశాను.

"రాత్రి సంది గదే సోంచాయిస్తున్న. ఎంత సోంచాయించినా సమజ్ అయితలేదు భాయ్. మిషనే ఖరాబున్నదా?"

అప్పుడు చెప్పి ఉంటే? వాడు తిట్టేవాడు. కొట్టేవాడేమో. నా చదువు ఆగిపోయేది, నేను గల్లాపెట్టె దగ్గర కూర్చునేవాణ్ణి. వాడి వేళ్ళు తిరిగి వచ్చేవి కావు. కానీ వాడు వాడిగా ఉండేవాడు. ఆ మాత్రం నాకు అప్పుడు తట్టలేదు.

"మోచెయ్యి తాకిందిరా," అన్నాను. "బిళ్ళ సరిచేస్తందుకు ముందట్కి వంగినవ్ గదా, ఎడమ మోచెయ్యి బటన్‌కు తాకింది. నేను చూసిన."

"నేనేనా?"

"ఆఁ. నేను చూసిన."

వాడు చేతి కట్టువైపు చూశాడు. "గంతేనా," అన్నాడు. "నాకే సోయి లేకపాయె."

సోయి అంటే మా దగ్గర ఒళ్ళు తెలిసి ఉండటం. సాయంత్రం వాళ్ళ నాన్న ఖాకీ బట్టల్లోనే వచ్చి మంచం దగ్గర నిలబడ్డాడు. కోప్పడలేదు. "బండి నడిపెటోని కొడుకువు. చేతుల మీద సోయి ఉండాలె గద బిడ్డా," అని మాత్రం అన్నాడు. మల్లేష్ తల ఊపాడు. నేను గోడవైపు చూశాను.

ఫ్యాక్టరీవాళ్ళు మిషను విప్పి చూశారు. బటన్లు రెండూ చక్కగా పనిచేశాయి. చూసినవాణ్ణి నేనొక్కణ్ణే. ట్రైనీ అజాగ్రత్త అని తేల్చేశారు. ఆ రబ్బరును దుకాణంలో రబ్బర్ల డబ్బాలో వేశాను. ఏ ఊళ్ళో ఏ పెళ్ళివారి పళ్ళేలకో పోయి ఉంటుంది. ఆ తర్వాత ఏనాడూ చేతికి రబ్బరు తొడుక్కోలేదు.

నాకు డిజైన్ సెక్షన్ వచ్చింది. మల్లేష్ కాలేజీ మానేశాడు. వాణ్ణి మానొద్దని లెక్చరర్లు ఇంటికి వచ్చి బతిమాలారు. తన చేతుల మీద తనకు నమ్మకం లేదని, ఈసారి ఇంకెవరి చెయ్యి తీసేస్తాడో అని భయంగా ఉందని వాడు చెప్పాడు. నేను మా బాపుతో మాట్లాడి వాణ్ణి మా దుకాణంలో పెట్టించాను. దోస్తంటే వీడే అని గల్లీ అంతా నన్ను మెచ్చుకుంది. వాళ్ళమ్మ ఇప్పటికీ నేను కనబడితే నా తల నిమిరి దీవిస్తుంది. ఆ దీవెన తీసుకుని ఇంటికి వచ్చి అన్నం తింటాను. తినగలను. అదే నాకు ఆశ్చర్యం.

ఇప్పుడు నేను వేరే ఫ్యాక్టరీలో ఇంజనీరును. ట్రైనీ కూర్చునేముందు ప్రతి బటన్ చుట్టూ వేలితో తడిమి చూస్తాను. పిల్లలు వెనకాల నన్ను బటన్ సార్ అంటారని తెలుసు. అనుకోనీ.

మల్లేష్ ఆ చేతికి మిగిలిన మూడు వేళ్ళతో పళ్ళేల మీద రబ్బర్లు తొడుగుతాడు, నాకంటే వేగంగా. వాడి పనిలో ఒక్క గిన్నె సొట్టపోయింది లేదు. అయినా బండి నడపడు. స్టవ్ వెలిగించడు. కూతురు పుట్టినప్పుడు గుడ్డలో చుట్టి చేతికిస్తే వాడు వెనక్కి జరిగాడు. "నువ్వే పట్టుకో భాయ్, నా చేతులకు సోయి లేదు," అన్నాడు. ఆ పాపను ముందు ఎత్తుకున్నది నేను. బటన్‌కు రబ్బరు తొడిగిన చేతులతో.

చెబుదామని అనుకోలేదనుకోకండి. ఒకసారి మూసీ బ్రిడ్జి మీద ఇద్దరం నడుస్తున్నప్పుడు ఆ రోజు సంగతి ఎత్తాను. వాడు నా భుజం మీద చెయ్యి వేసి, అయిందేదో అయింది, నువ్వు లేకపోతే నేనేమైపోయేవాణ్ణో అన్నాడు. భుజం మీద ఉన్నది ఆ ఎడమ చెయ్యే. మాట మార్చేశాను. ఆలస్యమైనకొద్దీ చెప్పాల్సింది పెరుగుతూ పోయింది. మొదట రబ్బరు ఒక్కటే. తర్వాత అబద్ధం. తర్వాత ఉద్యోగం, దీవెనలు, ఇన్నేళ్ళ స్నేహం. ఇప్పుడు చెబితే వాడికి నేనూ మిగలను. ఇది వాడి కోసం ఆలోచించడమా, నా కోసమా? ఈ రెండూ నాకు వేరుగా కనబడటం ఎప్పుడో మానేశాయి.

పోయిన వారం వాడి కూతుర్ని బడి దగ్గర దింపడానికి నా బండి మీద తీసుకెళ్ళాను. రోజూ వాడు నడిపించే తీసుకెళ్తాడు. ఆ రోజు ఆలస్యమై నన్ను అడిగాడు. గుల్జార్‌హౌజ్ దగ్గర ట్రాఫిక్‌లో ఆగినప్పుడు వెనకనుంచి ఆ పిల్ల మామూలుగా అడిగింది.

"పెద్దబాపూ, మా బాపుకు చేతుల సోయి ఉండదంట గదా. నాకు గూడ అట్లనే అయితదా?"

పద్నాలుగేళ్ళ తర్వాత దేవుడు మళ్ళీ అలాంటి ప్రశ్ననే ఎదురుగా తెచ్చి పెట్టాడు. చుట్టూ హారన్లు. నేను చెప్పాల్సింది ఒక్కటే మాట. గట్టిగా పట్టుకో బిడ్డా అన్నాను. గ్రీన్ సిగ్నల్ పడింది. బండి కదిలించాను.

ఆ రోజు నుంచి నిద్ర సరిగా లేదు. వాడికి చెప్పలేను, ఇది రాస్తూ కూడా చెప్పలేనని తెలుస్తోంది. వాడికి ఇవ్వాల్సిన మాటను మీకు ఇస్తున్నాను. ఇది న్యాయం కాదు. రాసినందుకు ఛాతీ మీద బరువు కొంచెం తగ్గింది. తగ్గినందుకు సిగ్గుగా ఉంది.

ఆ పిల్లకు చెప్పాల్సిన జవాబు ఇది. మీ బాపు మోచెయ్యి ఎక్కడా తాకలేదు బిడ్డా. నేను చూడలేదు, చూశానని చెప్పాను. ఎడమవైపు బటన్ మీద రబ్బరు నేను పెట్టాను. మీ బాపు చేతులకు సోయి ఉంది. ఎప్పుడూ ఉంది.