వ్యాన్‌లో తడిసిన తలగడ

దయ్యాల మాటెత్తితే మా ఇంట్లో ముందు నవ్వేది నేనే. ఎవరైనా అలాంటి కథ మొదలుపెడితే లేచి వంటింట్లోకి వెళ్లిపోయేదాన్ని. ఇప్పుడు చెప్పేది కూడా దయ్యం కథ అని నేను అనను. మరి ఏమనాలో తెలియదు.

మాకు చంద్రపూర్‌లో కర్టెన్లు, దుప్పట్ల దుకాణం ఉంది. మా ఆయన రాజురా, కోర్పనా వైపు సంతలకు సరుకు తీసుకెళ్లి రాత్రుళ్లు అటే ఉండిపోతాడు. బట్టల మూటల మీద పడుకుని నడుము పట్టేసిందని, బామ్నిలో ఒకాయన దగ్గర పాత వ్యాన్ కొన్నాం. సగం సరుకుకు, సగం పడకకు.

పడక పని నేనే చూసుకున్నాను. చెక్క బల్ల మీద ఫోమ్, దానిమీద పత్తి బొంత వేయించాను. కిటికీలకు ఎండ రానివ్వని మందపాటి కర్టెన్లు కుట్టాను. లోపల మరీ చీకటిగా ఉందని పైన పసుపు వెలుగు ఎల్ఈడీ పట్టీ, తల దగ్గర ఎటు కావాలంటే అటు వంగే చిన్న లైటు పెట్టించాను. చివరికి బూరుగు దూది తలగడ. మేం మెత్త అంటాం. దానికి తెల్ల గలీబు తొడిగి తాళం వేశాను.

మర్నాడు మధ్యాహ్నం తెరిచి లైటు వేస్తే, తలగడ మధ్యలో అరచేయంత మరక. ఖర్రా ఉమ్మి. వక్క, పొగాకు, సున్నం కలిపి రుద్దుకుని మా ఊళ్లో పొద్దస్తమానం నములుతారే, అదే. ఎర్రటి చొంగ, అందులో నలిగిన వక్క పలుకులు. ఇంకా జిగటగా ఉంది. ఆ పులిసిన కంపుకు వ్యాన్ పక్కనే వాంతి చేసుకున్నాను.

మా ఆయన ఒకప్పుడు ఖర్రా తిని తిని నోరు తెరుచుకోలేని స్థితికి వచ్చాడు. ఆపరేషన్ అయ్యాక మానేశాడు. మళ్లీ తింటే ప్రాణానికే ముప్పని డాక్టరు చెప్పి పంపాడు. అందుకే నాకు వేరే ఆలోచనే రాలేదు. గలీబు తెచ్చి ఆయన ముందు పడేశాను.

"మళ్ల మొదలువెట్టిండ్రా?"

"పిల్ల మీద ఒట్టు. నేను ముట్టలే" అన్నాడు.

నమ్మలేదు. గలీబు మరిగే నీళ్లలో వేసి ఉతికి, మళ్లీ తలగడకు తొడిగాను. తాళంచెవి నా కొంగుకే కట్టుకున్నాను. అయినా మరక వచ్చింది. దొంగ తాళంచెవి చేయించుకున్నాడని గొడవపడ్డాను. ఆయనతో మాటలు మానేశాను. పక్కన కూర్చుంటే నోటి వాసన చూసేదాన్ని. ఏమీ వచ్చేది కాదు.

ఒకరోజు కొత్త తలగడ పెట్టి తాళం వేసి, ఆయన్ను పొద్దుటి నుంచి దుకాణంలో నా కళ్లముందే కూర్చోబెట్టుకున్నాను. భోజనం వేళకు ఇద్దరం కలిసే వెళ్లి తలుపు తీశాం. తలగడలో తల ఆనినంత గుంట. మేం చూస్తుండగానే ఆ గుంట మెల్లగా పైకి లేచింది. పక్కనే మరక. వేలు పెట్టి చూశాను. వెచ్చగా ఉంది.

"ఇప్పుడన్న నమ్ముతవా?" అన్నాడు ఆయన, చాలా మెల్లగా.

చేయి ఎన్నిసార్లు సబ్బుతో కడిగినా జిడ్డు పోయినట్టు అనిపించలేదు. ఆ పూట అన్నం చెంచాతో తిన్నాను.

సాయంత్రానికల్లా బామ్ని వెళ్లాం. వ్యాన్ అమ్మినాయన పెద్దమనిషి. మా ఆయన పడక సంగతి ఎత్తాడో లేదో, ఆయనే అడిగాడు.

"మెత్త వెట్టిండ్రా?"

నేను తలూపాను.

"మేం గూడ పెట్టినం. తీసేసినంక ఆగింది. బొంత ఏసుకోండ్రి, ఏం గాదు. మెత్త ఒక్కటే వద్దు."

ముందే ఎందుకు చెప్పలేదని అడిగితే, సరుకు కోసమన్నారు గానీ పడుకుంటామని మీరు అనలేదు కదా అన్నాడు. అందులో ఎవరూ చనిపోయినట్టు తనకు తెలియదట. తనకు అమ్మినవాడు కూడా ఈ ఒక్క ముక్కే చెప్పాడట.

తలగడ తీసేశాం. మరక మళ్లీ రాలేదు. మా ఆయన తల కింద తువ్వాలు కూడా మడిచి పెట్టుకోకుండా, లైటు వేసుకుని హాయిగా పడుకుంటున్నాడు. నేను మాత్రం ఆ పడక మీద ఇప్పటిదాకా నడుము వాల్చలేదు.

తాళం వేసిన బండిలోకి ఎవరు వచ్చారో, వాళ్లకు తలగడతో ఏం పనో నాకు ఈనాటికీ అర్థం కాలేదు. కానీ అది మనిషి ఉమ్మే. దాన్ని ఉతికినదాన్ని నేను.