పసుపు కొమ్ము మచ్చ

మొన్న మా కోడలు నన్ను పోతిరెడ్డిపల్లిల ఒక మందుల దుకాణానికి తోలుకపోయింది. ముసలోళ్లకు ఊపిరితిత్తులు చెడకుండ ఏదో సూది ఉన్నదట, దుకాణంలనే వేస్తరట. అద్దాల తలుపు, లోపల చల్లగాలి, మూలకు తెల్లటి ఫ్రిజ్జు, పెద్దోళ్లకు ఒక కుర్చీ, పిల్లలకు బొమ్మలు అతికించిన ఇంకో కుర్చీ. దుకాణం పిల్ల దూది మీద స్పిరిట్ పోసి నా రెట్టకు రుద్దింది. అక్కడున్న పాత మచ్చను చూసి, "చిన్నప్పటి టీకానా అమ్మా?" అని అడిగింది. "కాదు" అన్న. నా వెనుక ఇంక నలుగురు నిలబడి ఉండిరి, అందుకే మళ్ల అడగలేదు. అడిగితే చెప్పేదాన్నేమో. అడగలేదు కాబట్టి రాస్తున్న.

మాది లక్డారం. అప్పుడు పటాన్‌చెరు దిక్కు ఇన్ని ఫ్యాక్టరీలు లేవు. ఒక పెద్దది కడుతుండిరి, దానికి సామాన్లు మోసే లారీలు రోజంత తిరిగి దుమ్ము లేపితే అది మా జొన్న చేన్ల మీద పడి, రొట్టె నమిలితే పంటి కింద కరకరమనేది. వానకాలం మక్క కంకులు పొయ్యిల కాల్చుకొని, మసి మూతితోని వాకిట్ల కూసుండి కచ్చకాయలు ఆడేది. బతుకమ్మ దినాలల్ల తంగేడు, గునుగు తెంపి తెంపి వేళ్లకు పట్టిన పచ్చి వాసన, మలీద ముద్ద తిన్నా పోకపోయేది. చలికాలం అనపకాయలు ఉప్పేసి ఉడకబెడితే గిన్నె చుట్టు ఆవిరిల చేతులు కాచుకుంట తినేది. ఎండకాలం వస్తే చింతచిగురు, అంబలి, అంబలిల కొరుక్కోను ఉల్లిగడ్డ. తిండికి ఏడ్చిన దినాలు లేవనను, ఉన్నయి. కని నాకు యాదికొచ్చేది తిన్న దినాలే.

అమ్మ నన్ను కన్ననాడే పోయింది. నన్ను సాదింది నాయినమ్మ. పొడుగు మనిషి, చెవులకు గంటీలు, దవడల ఎప్పుడు పొగాకు, పలుకు తక్కువ. ఊళ్లె ఎవరింట్ల పిల్లలకు ఒంటి మీద పొక్కులు లేచి అమ్మతల్లి పోసినా, అంటే మశూచి వచ్చినా, ముందు మా ఇంటికే మనిషిని తోలేటోళ్లు. పోచమ్మ చల్లబడాలని గుడికాడ మొదటి నీళ్లు ఆరబోసే ఇల్లు మాది. నాయినమ్మ వేపకొమ్మలు చంకన పెట్టుకొని పోయేది, ఆ ఇంట్ల తాలింపు బంద్ చేయించేది, పిల్లల పక్కన కూసుండి వేపమండతోని ఈగలు విసిరేది. ఆమెకు చిన్నప్పుడే అమ్మతల్లి పోసి తగ్గింది, ఒకసారి వచ్చినోళ్లకు ఇంక రాదు. అందుకే ఎవరూ తొక్కని గడపలు ఆమె తొక్కేది. ఊరు ఆమెకు దండం పెట్టేది. ఆ దండం అంటే ఆమెకు ప్రాణం; నేను ఇప్పుడు ఈ మాట మొగమాటం లేకుండ అంటున్న.

సర్కారు టీకాలాయన సైకిల్ మీద చలికాలం వచ్చేటోడు. సన్న ముండ్లలాంటి పండ్లున్న గుండ్రటి బిళ్ల ఒకటి రెట్టకు ఒత్తి గిర్రున తిప్పుతడని, అదే బిళ్ల ఊరందరికి అని, పిల్లలను జొన్నలు పోసే గుమ్ముల్ల, గడ్డివాముల దాచేటోళ్లు. నాకు ఎనిమిదేండ్లు ఉన్నప్పుడు ఆయన వస్తున్నడని కబురొచ్చింది. మా నాయిన ఆ పెద్ద ఫ్యాక్టరీ కట్టేకాడ పనికి పోతుండె. అక్కడ దొరలు చెప్పంగ విన్నడు, ఈసారి పిల్లకు టీకా వేయించాల్సిందే అని పొద్దుగాలనే చెప్పి పోయిండు.

నాయిన బయటికి పోంగనే నాయినమ్మ తలుపు దగ్గరకేసింది. దీపం ముట్టించి పసుపు కొమ్ము కొసను దాంట్ల కాల్చుడు మొదలువెట్టింది. కామెర్లకు, మూర్ఛకు మా దిక్కు అట్ల కాలుస్తరు, నాకు తెలుసు. కని నాకు ఏ రోగం లేదు.

"నాకెందుకు నాయినమ్మా?"

"కండ్లు మూసుకో. ఒక్క గడియ."

"కాలుతది!"

"కాలితే ఊదుకో. టీకా ఏయించుకొని, తల్లి రాకముందే ఆమెకు తలుపు పెట్టినోళ్ల ఇంటికి ఊరు మల్ల వస్తదా? అడిగితే టీకానే అను. నా మీద ఒట్టు. మాట దాటినవో, నా పీనుగను చూస్తవ్."

ఆ వాసన ఇంక చెప్పను. మచ్చ రూపాయి బిళ్లంత లేచి, పొక్కి, చీమువట్టి, మానింది. నాయిన అది చూసి, "వేసిండా? మంచిదాయె" అని నా నెత్తి నిమిరిండు. నెత్తి నిమిరినందుకు నాకు ఏడుపు వచ్చింది. నొప్పికి అనుకున్నడు.

నాయిన పనికి పోయేటప్పుడు ఒక్కోనాడు నన్ను పటాన్‌చెరు దాక తీసుకపోయి, అక్కడ కిరాయికుండే ఆ ఫ్యాక్టరీ సూపర్‌వైజర్ వాళ్లింటి అరుగు మీద విడిచిపెట్టేటోడు. వాళ్లు కృష్ణా దిక్కు నుంచి కొలువుకు వచ్చినోళ్లు. వాళ్ల బిడ్డ శారద, నా ఈడుదే. ఆమె దగ్గర పలక ఉండె, బలపం నాకుతుంటే మట్టి వాసన వచ్చేది. నాకు 'అ' రాసుడు ఆమె నేర్పింది. నేను గీసిన 'అ' చూసి, "ఇది అ కాదే, నిద్రపోతున్న పిల్లి" అని పడి పడి నవ్వేది. నేను కూడ నవ్వేదాన్ని. నాకున్న దోస్తు ఆమె ఒక్కతే. ఎండకాలం అయిపోంగనే ఇద్దరం ఒక్క బళ్లె చేరుదామని, ఒక్క బెంచి మీద కూసుందామని ఒప్పందం.

శారద అమ్మ ఒకనాడు మా నాయినతో అన్నది: "మల్లయ్యా, ఆదివారం పిల్లని తీసుకురా. అంగడి దగ్గర మందుల దుకాణంలో మా అందరికీ టీకాలు వేయిస్తున్నాం. ఆ చీటీ చూపిస్తేనే బళ్లో చేర్చుకుంటారు."

"దీనికి ఏసిండ్రమ్మా."

"అయితే ఆయన చూసి చీటీ రాసిస్తాడు. తీసుకురా."

దుకాణం కంపౌండరు సాబుది. సన్నటి మనిషి, తెల్లగడ్డం, కండ్లకు సుర్మా. పట్నం నుంచి మంచుగడ్డలేసిన ఫ్లాస్కుల టీకా మందు తెప్పిస్తడు, అది వచ్చిన దినమే వేస్తడు, మంచు కరిగితే ఇంక వేయడు. స్పిరిట్ దీపం మీద సూదులు కాలుస్తడు, మనిషికొక సూది. దుకాణమంత స్పిరిట్, అయోడిన్, బెల్లం కలిపిన దగ్గుమందు వాసన. ముందు శారద నాయిన చొక్కా చెయ్యి మడిచి మొఖం అటు తిప్పుకున్నడు.

"అరె సాబ్, సూది ఇంక దీపం మీదనే ఉన్నది, ఇప్పటి నుంచే ఏడుస్తే ఎట్ల!" అన్నడు కంపౌండరు.

"నాన్న ఏడుస్తున్నారు, నాన్న ఏడుస్తున్నారు!" అని శారద చప్పట్లు కొట్టింది. దుకాణమంత నవ్వింది. తర్వాత శారదకు. రెండు చుక్కలు పెట్టి సూదితోని గీకిండు. ఆమె పెదవి కరుచుకొని నా చెయ్యి పట్టుకున్నది, గట్టిగ.

నా వంతు. కంపౌండరు నా రెట్టను వెలుతురుకు తిప్పిండు, బొటనవేలు పెట్టి ఒత్తిండు. నా వెనుక జనం తోసుకుంటుండిరి, ఫ్లాస్కుల మంచు గలగలమంటుండె.

"టీకా పడ్డది. బాగనే పడ్డది. ఎప్పుడేసిండ్రు బిడ్డా?"

అదొక్కటే అడిగిండు. నాకు ఆ సూది కావాలె అనిపించింది. భయం లేదు, నిజంగ కావాలె అనిపించింది. శారదకున్నట్టే నాకు ఉండాలె అని. నోరు తెరిస్తే నాయినమ్మ పీనుగ కండ్ల ముందట మెదిలింది.

"చలికాలంల" అన్న.

ఆయన చీటీ రాసి నాయిన చేతుల పెట్టిండు, నాకొక పిప్పరమెంటు ఇచ్చిండు. అది చప్పరించుకుంట ఇంటికొచ్చిన.

రెండు నెలలకు, ఎండలు ముదిరినప్పుడు, ఊళ్లె అవతలి వాడకట్టుల ఇద్దరు పిల్లలకు తల్లి పోసింది. మనిషి వచ్చి పిలిచిండు. నాయినమ్మ వేపకొమ్మలు పట్టుకొని పోయింది. ఆ పిల్లల పక్కన కూసున్న చీరతోనే వచ్చి నా పక్కన పండుకున్నది. పది పన్నెండు దినాలకు నాకు నడుము విరిగినట్టు నొప్పి, జరం. ఆ తర్వాత పొక్కులు లేచినయి.

నన్ను చేను కాడి గుడిసెల పెట్టిండ్రు. కింద వేపాకు, మీద వేపాకు, గడపకు వేపమండ. చల్ల, గట్క, ఉప్పు లేని పెసరుకట్టు. అద్దం లేదు, దువ్వెన లేదు. ఇవన్ని ఓర్చుకున్న. ఓర్చుకోలేనిది ఒకటుండె. తల్లి పోసిన మనిషిని పేరు పెట్టి పిలవొద్దు మాకు. ఆ మనిషి ఒంట్లె ఉన్నది తల్లి కాబట్టి తల్లీ అనే పిలవాలె, దండం పెట్టే దగ్గరికి రావాలె. నన్ను తిట్టి, జడలేసి, వీపు రుద్ది పెంచిన నాయినమ్మ పొద్దుగాల వచ్చి నా కాళ్ల కాడ నెత్తి ఆనించి, "తల్లీ, సల్లగ చూడు, సల్లగ పో" అంటుంటే నాకు భయమైతుండె. ఆ కండ్లు నన్ను చూస్తలేవు. నా లోపల ఉన్న ఇంకెవరినో చూస్తున్నయి.

"నాయినమ్మా, నేను లచ్చిమిని."

"అవును తల్లీ. అవును."

నాయిన రోజు మాపటికి చల్లకుండ తెచ్చి గట్టు అవతల రాయి మీద పెట్టి నిలబడేటోడు. దగ్గరికి రానియ్యకపోతుండె నాయినమ్మ. ఒకనాడు నేను పాకుకుంట గడప దాక వచ్చిన. ఆయన నన్ను చూసి రెండు చేతులు జోడించి, "తల్లీ, నా పిల్లను నాకియ్యి" అన్నడు. "నాయినా, నేనే" అని అరవబోయిన. గొంతుల కూడ పొక్కులు, మాట బయటికి రాలేదు. ఆయన దండం పెట్టి వెళ్లిపోయిండు. అన్ని దినాలు గుడిసెల నేను లేను. ఎవరికీ లేను.

జరం దిగి, పొక్కులు ఎండి పెచ్చులు రాలేటప్పుడు, నాయిన ఆ చీటీ పట్టుకొని దుకాణానికి పోయిండు, అడుగుదామని. కంపౌండరు సాబు సైకిల్ తొక్కుకుంట ఎండల మా చేను దాక వచ్చిండు. నా రెట్టను వెలుతురుకు తిప్పిండు, ఈసారి చానసేపు చూసిండు.

"ఇది టీకా కాదు భాయ్. టీకా మచ్చ గుంతలు గుంతలు ఉంటది. ఇది నున్నగ ఉన్నది. కాల్చింది." సుర్మా కండ్లు తుడుచుకున్నడు. "ఆనాడు జల్దీల చూసిన. గల్తీ నాది."

నాయిన చీటీ మడిచి జేబుల పెట్టుకున్నడు. తన తల్లి దిక్కు తిరిగి చూసిండు. నాయినమ్మ ఆయనను చూడలేదు. నన్ను చూసింది. ఇన్ని దినాలల్ల మొదటిసారి నన్ను, తల్లిని కాదు, నన్ను చూసి అన్నది:

"నువ్వన్న చెప్పొద్దా పిల్లా?"

నా నోరు కట్టిన మనిషే ఆ మాట అన్నది. ఆనాటి నుంచి ఆమె చచ్చిపోయేదాక నాయిన ఆమెతో మాట్లాడలేదు. "పెట్టుమను" అని నాతో చెప్పేటోడు, "తినుమను" అని ఆమె నాతో చెప్పేది. ఇద్దరి నడుమ నేను మాటలు మోసిన. ఊరు మాత్రం ఆమెను పిలుసుడు ఆపలేదు. నేను బతికిన కదా, ఇంక ఎక్కువ దండం పెట్టిండ్రు.

బడి తెరిచే దినాలకు నాకు తిరిగే బలం వచ్చింది. ఇంట్ల అద్దం నాయినమ్మ ఎక్కడ దాచిందో, నేను అడగలేదు. కడిగిన గౌను తొడుక్కొని నాయినతోని పటాన్‌చెరు పోయిన. నాయిన రోడ్డు మీద ఆగిండు, నేను ఉరుకుకుంట అరుగెక్కి తలుపు కొట్టిన. శారదే తీసింది. రెండు జడలు, రిబ్బన్లు, చేతుల పలక. నేను నవ్విన. ఆమె నన్ను చూసింది, పైనుంచి కిందికి చూసింది.

"ఎవరు కావాలి?" అన్నది.

ఎగతాళి కాదు. నిజంగనే తెలియక అడిగింది. నా మొఖం ఎట్లయిందో నాకు ఆ ప్రశ్న చెప్పింది. నేను ఎవరూ వద్దని తల ఊపి దిగిన. నాయిన ఏమైందని అడిగితే, "బడికి పోను" అన్న. చీటీ ఆయన జేబులనే ఉండె.

తర్వాతది పెద్దగ చెప్పేందుకు లేదు. పెండ్లాం చచ్చిపోయిన మనిషికి నన్నిచ్చిండ్రు, మంచోడే. పిల్లలయిండ్రు, పుట్టిన ప్రతి బిడ్డను ఎత్తుకొని టీకాకు నేనే పోయిన, పచ్చి బాలింతను అన్నా ఆగలేదు. నలభై దాటినంక, అక్షరాలు నేర్పేటోళ్లు మా వాడకు వస్తే పలక పట్టిన. నాయినమ్మ చెడ్డదా అంటే, కాదు. మంచిదా అంటే, ఆ మాట నా నోట రాదు.

పదేండ్ల కింద, పటాన్‌చెరు నుంచి సంగారెడ్డి పోయే బస్సుల ఒక ముసలాయన ఎక్కిండు. మొఖం నిండ నాలాంటి గుంతలే. బస్సంత వెతికి, ఖాళీ సీట్లు విడిచిపెట్టి, వచ్చి నా పక్కన కూసున్నడు. "నాకు ఆరేండ్లప్పుడు" అన్నడు. "నాకు ఎనిమిది" అన్న. అంతే, సంగారెడ్డి దాక ఇద్దరం మాట్లాడలేదు. ఒక మనిషి పక్కన అంత నిమ్మళంగ నేను ఎప్పుడూ కూసోలేదు. పేరు అడగనే లేదు.

ఆ రోగం భూమి మీద లేదట. పోయింది, మంచిదే. దానితోని మా మొఖాలు కూడ ఒక్కొక్కటే పోతున్నయి. ఇప్పుడు బస్సు ఎక్కితే ముందు సీటు నుంచి ఎనుక సీటు దాక ఒకసారి చూస్త. కంపెనీలకు పోయే పిల్లలు, హిందీ మాట్లాడేటోళ్లు, చంటిపిల్లల తల్లులు, నా ఈడు ముసలోళ్లు. అన్ని నున్నటి మొఖాలే.